స్పీడుకు తరుగు

మా మామయ్య ఆర్మూర్ యార్డులో పసుపు కమీషన్ ఏజెంటు. లైసెన్సు, నంబరు ప్లేటు అక్కర్లేదని ఎలక్ట్రిక్ బండి కొన్నాడు. ఆ వెసులుబాటు గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటని బండికే. నెల తిరక్కుండానే మెకానిక్‌తో స్పీడు లాక్ తీయించాడు. దాంతో చట్టం లెక్కలో అది మోటారు సైకిలైంది. మామయ్యకు లైసెన్సు మాత్రం రాలేదు.

నన్ను వెనక కూర్చోబెట్టుకుని బాల్కొండ వెళ్తుంటే హైవే మీద పోలీసు ఆపాడు. స్పీడు గన్ నలభై చూపించింది.

"జర తరుగు తీసి చూడు సారూ," అన్నాడు మామయ్య, తేమ పేరు చెప్పి రైతుల ప్రతి బస్తా తూకంలో కోత పెట్టే అలవాటు కొద్దీ.

పోలీసు నవ్వలేదు. "మా నాయిన గూడ నీ కాడ పసుపు అమ్మే రైతే. యార్డుల కాంటా నీ చేతిల ఉంటది సేటూ, గీడ నా చేతిల ఉన్నది."