మర్డో బేన్ రాసిన పన్నెండో లైను

టె రీము ఊరి కౌన్సిల్లో కంప్యూటర్లు చూసే మర్డో బేన్‌ది ఇరవై రెండేళ్లుగా ఒకటే పద్ధతి. ఏ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నా ఆ కంప్యూటర్లను నడిపే లినక్స్ మర్యాదగా అడుగుతుంది: మీ పాత సెట్టింగుల ఫైలు ఉంచమంటారా, కొత్తది వేయమంటారా? ప్రశ్న పూర్తికాకముందే మర్డో "ఉంచు" అని నొక్కేస్తాడు. స్వహస్తాలతో రాసుకున్న ఫైలు మరి! అందులోని ఒక్క లైనుతో డేటాబేసును పరుగులు పెట్టించానని బార్బెక్యూల్లో కూడా చెప్పేవాడు. సాసేజీలు మాడిపోయేదాకా పాపం జనం వినేవాళ్లు.

ఈ సోమవారం అప్‌గ్రేడ్ సగంలో చతికిలబడింది. ఊరి రిజిస్టర్లన్నీ ఉన్న డేటాబేసు లేవనంది.

ఆ రోజే నైరీ టాపసెల్ అనే ముసలామె మర్డో గదికి వచ్చి కూర్చుంది. మెడబిళ్ల పోగొట్టుకున్న ఆమె కుక్క టిగ్ బందెలదొడ్లో ఉంది. సాయంత్రం నాలుగుతో గడువు సరి. కుక్కల రిజిస్టర్లో పేరున్నట్టు కాగితం చూపిస్తే వదులుతారు, లేకపోతే చంపే సూది. గడువు పెంచాలంటే కౌన్సిల్ సమావేశం జరగాలి. అది గురువారం.

మర్డో రీబూట్ చేశాడు. ప్యాకేజీ పీకి మళ్లీ ఎక్కించాడు. ఇంటర్నెట్లో ఎవరెవరో రాసిన కమాండ్లన్నీ కొట్టి చూశాడు. నాలుగు దాటిపోయింది.

"ఆ తెర మీద ఏదో రాసుంది కదయ్యా, చదవవేం?"

"అవి మామూలేనమ్మా. ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతుంటాయి."

"అయితే నేను చదువుతా, జరుగు." నైరీ కళ్లద్దాలు పెట్టుకుంది. "సెట్టింగుల ఫైల్లో పన్నెండో లైను కొత్త వెర్షన్‌కి తెలీదట. తీసేయమంటోంది. ఏ మహానుభావుడు రాశాడయ్యా దాన్ని?"

మర్డో చెవులు ఎర్రబడ్డాయి. ఆ లైను చెరిపాడు. డేటాబేసు లేచింది, మునుపటికన్నా చురుగ్గా. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

కాగితం ప్రింటవుతుండగా బందెలదొడ్డి కాపలాదారు ఫోన్ చేశాడు. "భలేవాడివి మర్డో! పొద్దుట్నుంచి మా సూది జాబితా తెరుచుకోక పశువుల డాక్టరు ఊరికే కూచున్నాడు. ఇప్పుడే వచ్చింది. మొదటి పేరు టిగ్. లోపలికి తీసుకెళ్లాం."

అంటే నాలుగు దాటాక ఆ కుక్కను బతికించింది చెడిపోయిన డేటాబేసే.

"ఆపండ్రా! దాని కాగితం నా చేతిలో ఉంది!" మర్డో గొంతు చించుకున్నాడు.

అవతల ఫోను బల్ల మీద పడేసి కాపలాదారు పరిగెత్తాడు. తర్వాత ఒక మొరుగు వినబడింది. అంతదాకా మాటకు తడుముకోని నైరీ, మర్డో కుర్చీలోనే కూలబడి ఏడ్చేసింది. ఆమె మొహం చూడ్డానికి అతనికి సిగ్గేసింది.

ఆ సిగ్గు మంగళవారం నివేదిక రాసేదాకా ఉంది. అందులో కారణం అన్నచోట "తయారీదారు లోపం" అని రాశాడు.