పందెం కోడి, సోమమ్మ నవ్వు

మా ఆడబిడ్డ కృష్ణకుమారికి పొద్దున్నుంచీ ఒక్కచోట కాలు నిలవలేదు. నిరుడు మా ఆయన పోయాక మూతపడిన, కొంటాలోని మా ఫోటో స్టూడియోను ఆమె మళ్లీ తెరుస్తోంది. జగదల్‌పూర్ దుకాణంవాళ్లు చూసుకోమని రెండు కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలు ఇచ్చారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకటే ఉంచుకోవాలి, రెండోదాన్ని సాయంత్రం బస్సులో పంపేయాలి.

ముందు పెద్దదాన్ని వారపు అంగడిలో కోడిపందెం దగ్గరికి తీసుకెళ్లాం. గాల్లోకి లేచిన కోడి, ప్రతి ఈకా కనబడేలా, ఫోటోలో ఆగిపోయింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

తర్వాత చిన్నదానితో, చీకటిగా ఉన్న టార్పాలిన్ కింద ఇప్పపువ్వు అమ్మే సోమమ్మను కృష్ణకుమారి ఫోటో తీసింది. సోమమ్మ ఆధార్ ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయింది.

"తీస్తవా లేదా పిల్లా? మెడ పట్టేసింది!"

"ఎప్పుడో తీసిన పెద్దమ్మా. ఇది చప్పుడు చెయ్యదు."

సోమమ్మ పకపకా నవ్వింది. కృష్ణకుమారి ఆ నవ్వునూ పట్టేసింది. అంత చీకట్లోనూ ముసలామె కళ్ల మెరుపు కనబడింది.

"పెద్దదే ఉంచుకుందామే కుమారీ, కోడి ఎంత బాగొచ్చింది!" అన్నాను.

"పెండ్లిళ్లల్ల కోళ్లెగురుతయా ఏంది వదినా? మనకు మనుషులు గావాలె."

పెద్దదాన్ని బస్సెక్కించి వచ్చి స్టూడియో షట్టర్ ఎత్తాం. లోపల ఇంకా లైటు లేదు. ఆమె చిన్నదాన్ని నావైపు తిప్పింది. క్లిక్‌మనే చప్పుడు కోసం నేనూ బిగుసుకుని నిలబడ్డాను. అప్పటికే తీసేసి ఉంటుందని తట్టి ఫక్కున నవ్వాను. మళ్లీ తెరిచిన స్టూడియోలో మొదటి ఫోటో అదే.