అన్న బిగించిన ఇంజను

పాత కార్ల బరువైన భాగాలను సముద్రాలు దాటించి బతికిన ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వ్యాపారంలో ఎవరికీ గుర్తులేదు. రేవులోనూ లారీ ఆఫీసుల్లోనూ ఆయన పేరు త్రాసు. ఎదుటపడితే త్రాసుగారూ అనేవారు, వెనక మొండి త్రాసు అనేవారు. పెట్టె బరువు కాస్త తగ్గించి రాయమని ఎవరైనా బతిమాలితే, "అలాగే, ఆ కాస్త ఇనుమూ కోసి పక్కన పెట్టండి, తగ్గించి రాస్తాను" అనేవాడు. అలా అని పోగొట్టుకున్న బేరాలు తక్కువేమీ కావు. కానీ ఆయన మొహం ఎన్నడూ చూడని దూరదేశపు కొనుగోలుదార్లు "త్రాసు చూశాడా?" అని ఒక్క మాట అడిగి బేరం ఖాయం చేసుకునేవారు. ఆయన పగులుందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. అంతకుమించి సాక్ష్యం ఎవరూ అడిగేవారు కారు.

చూసేవాళ్లకు మోటుగా కనిపించే ఆ పనికి ఓర్పు కావాలి. ఇంజనులో నూనె, పెట్రోలు చుక్క మిగలకుండా వార్చాలి, లేకపోతే ఓడవాళ్లు పెట్టెను ముట్టుకోరు. పురుగు చావడానికి వేడిచేసి ముద్ర కొట్టిన చెక్కే వాడాలి. బరువు ఎటు ఒరుగుతుందో వెతికి పెట్టె మీద రంగుతో గుర్తు పెట్టాలి, ఆ గుర్తును నమ్మి క్రేను నడిపేవాడు గొలుసు తగిలిస్తాడు. ఇక సముద్రపు గాలికి లోపల తుప్పు పట్టి బిగుసుకుపోకుండా స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ బెజ్జాల్లోంచి సిలిండర్లలో నూనె పోసి, హ్యాండిలుతో ఇంజనును మెల్లగా తిప్పాలి. ఈ చివరి పనిని మాత్రం త్రాసు ఎవరికీ వదిలేవాడు కాడు.

ఆయన అన్న మెకానిక్కు. ఇంటి వెనక షెడ్డులో తాతలనాటి కారొకదాన్ని పెట్టుకుని, విప్పిందే విప్పుతూ బిగించిందే బిగిస్తూ సగం జీవితం గడిపాడు.

"అన్నయ్యా, అది లేచేలోపు మనం పడుకుంటాం" అని త్రాసు ఎగతాళి చేసేవాడు.

"నేను పడుకునేలోపు ఒక్కసారి లేస్తే చాలురా" అనేవాడు అన్న.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, కొత్త ప్లగ్గులు బిగించి, కారు ముందు నిలబడి హ్యాండిలు తిప్పుతూ అక్కడే కూలిపోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. అప్పటికే గుండెకు మందులు మింగుతున్న మనిషి కనక ఎవరూ సందేహించలేదు.

మిగిలింది ఒకటే ప్రశ్న. ప్రాణం పోయేముందు ఆ ఇంజను నడిచిందా, లేదా? తాను పడుకుని ఉండగా ఏదో చప్పుడు విన్నట్టుందని వదిన అంది. అప్పుడు వీధిలో నీళ్ల ట్యాంకరు ఆగి ఉందని, దాని మోటారు ఆడుతోందని పొరుగువాళ్లన్నారు. ఆమె అవుననలేదు, కాదనలేదు. షెడ్డుకు తాళం పడింది. సాయంత్రం ఎండ దిగాక రేకులు చల్లారుతూ టక్కుమన్నప్పుడల్లా ఆమె చేతిలో పని ఆపి వినేది. "రేకు చప్పుడు వదినా" అనేవాడు త్రాసు. "తెలుసు" అనేది ఆమె. తెలిసీ వినేది. కొంతకాలానికి ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు త్రాసు కూడా మాట మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు.

చివరకు ఒకరోజు ఆమే కబురు పెట్టింది.

"ఆ ఇనుము ఇల్లు దాటాలి మరిదీ. ఎవరికమ్ముతావో, ఎంత దూరం పంపుతావో నీ ఇష్టం. ఎంత దూరమైతే అంత మంచిది."

పాత కార్లు కూడబెట్టే ఆసామి ఒకడు ఓడ దారిన వారాలు పట్టేంత దూరంలో దొరికాడు. ఇంజను, గేరుబాక్సు, ముందు ఇరుసు కావాలన్నాడు. త్రాసు ఆ మాట చెప్పగానే వదిన అడిగింది:

"ప్లగ్గులు విప్పుతావా?"

"విప్పకుండా ఎలా పంపుతాను?"

"విప్పితే తెలుస్తుందా, నడిచిందో లేదో?"

"తెలుస్తుంది. మండితే మసి పడుతుంది. మండకపోతే కొట్లోంచి తెచ్చినట్టే ఉంటాయి."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "అయితే చూసి చెప్పు. డాక్టరు చెప్పినా ఎవరు చెప్పినా నా మనసు నిలవలేదు. నువ్వు చెబితే నమ్ముతాను."

వడ్రంగిని వెంటబెట్టుకుని త్రాసు షెడ్డు తాళం తీశాడు. సాలెగూళ్ల వెనక కారు నల్లగా కూర్చుని ఉంది. ముందు భాగంలో హ్యాండిలు ఏటవాలుగా, తిప్పుతూ తిప్పుతూ ఎవరో నీళ్లు తాగడానికి వెళ్లినట్టుగా ఉంది. వడ్రంగి టేపు తీసి అన్నీ కొలిచాడు గానీ హ్యాండిలు దగ్గరకు మాత్రం రాలేదు.

"అది మీరే తిప్పండి త్రాసుగారూ. పెద్దాయన ఇంకా పట్టు వదిలాడో లేదో."

"ఆయన పట్టుకుంటే నీకే సుఖం కదరా, ఒక మనిషి కూలి మిగులుతుంది."

"ఆయనతో పని చేయించుకోవడం ఎవరివల్ల అయింది గనక! బోల్టు అరచుట్టు తక్కువైతే బిగించిందంతా విప్పించేవాడు."

నవ్వుకున్నారు గానీ, నవ్వు ఆ రేకుల కింద నిలవలేదు.

త్రాసు నాలుగు ప్లగ్గులూ ఒకటొకటిగా విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. నాలుగింటి పింగాణీ పాలపళ్లలా తెల్లగా ఉంది. మసి వాసన కూడా లేదు. ఆయన అంతటితో తృప్తిపడలేదు. పొగగొట్టం విప్పి, పొగ వెలువడే దారిలో వేలు పెట్టి చూశాడు. బిగించిన రోజు అన్న పూసిన గ్రీజు పూసినట్టే వేలికంటింది. వేడి తగిలి ఉంటే అది కరిగి మాడిపోయేది. సందేహానికి చోటు లేదు. ఆ ఇంజను నడవలేదు. ఒక్కసారి దగ్గనైనా లేదు. ఆ మధ్యాహ్నం వదిన విన్నది ట్యాంకరునే.

నూనె పోసి హ్యాండిలు పట్టుకున్నాడు. మొదట మొరాయించింది. తర్వాత ఎవరో అవతలినుంచి సాయం పట్టినట్టు మెత్తగా తిరిగింది. ప్లగ్గు బెజ్జాల్లోంచి గాలి ఉస్సురని ఆయన చెంపకు తగిలింది. మూడేళ్లుగా లోపలున్న గాలి కాదది, ఏ ఇంజనూ గాలిని అంతకాలం పట్టి ఉంచదు. ఆ సంగతి ఆయన కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా చెంప తుడుచుకున్నాడు.

వదిన పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వైపు నడుస్తున్న ఆ నాలుగడుగుల్లోనే త్రాసు మనసు మారింది. సగం జీవితం ధారపోసిన మనిషి ఒక్కసారైనా దాని గొంతు వినకుండా పోయాడని ఆవిడతో ఎలా చెప్పడం? మూడేళ్లుగా రేకు చప్పుళ్లలో ఆమె వెతుకుతున్నది ఆ ఒక్క ఓదార్పునే కదా అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి తూకంలో వేలు పెట్టాడు.

"నడిచింది వదినా."

"నిజంగా?"

"అన్నయ్య విన్నాడు. కళ్లారా చూశాడు."

"ఎంతసేపు నడిచి ఉంటుంది?"

అబద్ధం అలవాటు లేనివాడు ఎక్కడ ఆపాలో తెలియక కొలత మించిపోయాడు. "బాగానే నడిచింది. మసి దట్టంగా పట్టింది."

వదిన గుమ్మం పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఏడుస్తుందని, ఏడిస్తే మంచిదని ఆయన అనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"ఆ రోజు నాకు తలనొప్పి మరిదీ. సుత్తి చప్పుడు భరించలేక, లోపల ఆయన ఉన్నాడని తెలిసే, షెడ్డు తలుపులు రెండూ దగ్గరికి లాగి బయట గొళ్లెం పెట్టి వచ్చి పడుకున్నాను. తర్వాత చప్పుడు వినబడింది. ట్యాంకరే అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. లేచి తలుపు తీసేసరికి ఆయన కింద ఉన్నాడు. మూసిన గదిలో ఇంజను నడిస్తే ఆ పొగకే మనిషి పోతాడని నాకు చెప్పింది మీ అన్నయ్యే." ఆమె తలెత్తి చూసింది. "నడవలేదనే మాట కోసమే మూడేళ్లు కాచుకున్నాను."

త్రాసు షెడ్డులోకి పరుగెత్తి ప్లగ్గులు దోసిట్లో తెచ్చి ఆమె ముందు పోశాడు.

"నడవలేదు వదినా! మీరు సంతోషిస్తారని అలా అన్నాను. చూడండి, ఎంత తెల్లగా ఉన్నాయో. ఒట్టు, ఇది ఒక్కసారి కూడా మండలేదు."

ఆమె ఒక ప్లగ్గు తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. "తుడిచావా?"

"తుడిస్తే పోయే మసి కాదది!"

వడ్రంగి కూడా వచ్చాడు. "నేను పక్కనే ఉన్నానమ్మా. విప్పినప్పుడే ఇలా ఉన్నాయి."

"నీకు పని ఇచ్చేది ఆయనే కదా నాయనా" అంది ఆమె, కోపం లేకుండా. తర్వాత త్రాసు వైపు తిరిగింది. "నువ్వు అబద్ధమాడవని మీ అన్నయ్య వందసార్లు చెప్పాడు. ఇందాక నువ్వు చెప్పింది నిజం. ఇప్పుడు చెబుతున్నది జాలి."

ఆయన ఆమెను చేయి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్లాడు. పొగదారిలో ఆమె వేలు పెట్టించాడు, మాడని గ్రీజు చూపించాడు. ఆమె వేలు చూసుకుంది. "నూనెలూ గ్రీజులూ నీ చేతిలోనివే కదా మరిదీ" అంది. లోకమంతా సాక్ష్యంగా తీసుకునే మాట ఒక్కసారి తప్పు దారిన పోయింది, ఇక దాన్ని వెనక్కి తేవడానికి ఏ సాక్ష్యమూ చాలలేదు.

పెట్టె తయారైంది. లోపల తేమ పీల్చే సంచులు పెట్టి, ఇంజనును అడుగు దూలాలకు బోల్టులతో బిగించి, బరువు గుర్తు వేసి, మూత బిగించారు. చెయిను కప్పీతో లారీకెక్కిస్తుంటే వదిన చూస్తూ నిలబడింది. పంపొద్దని అనలేదు. ఇనుము ఇల్లు దాటింది. ఆ రాత్రినుంచి ఆమె పడకగదికి తలుపు వేసుకోవడం మానేసిందని పనిమనిషి చెబితే తెలిసింది.

త్రాసు రోజూ వెళ్లేవాడు. ట్యాంకరు సంగతి చెప్పేవాడు. పొగకు పోయిన మనిషి ఒంటి రంగే వేరుగా ఉంటుందని, డాక్టరు అది చూడకపోడని వాదించేవాడు. ఆమె అంతా విని, "భోంచేశావా?" అని అడిగేది. వాదం అక్కడితో ఆగేది.

నెలలు గడిచాక కొనుగోలుదారు నుంచి ఫోను వచ్చింది. ఇంజనును దిమ్మ మీద నిలబెట్టాడట. మొదటి తిప్పుకే లేచిందట. ఇంత శ్రద్ధగా బిగించిన చేతులు తానెన్నడూ చూడలేదన్నాడు. త్రాసు వదిన పక్కనే ఉన్నాడు. అప్పుడు తోచింది ఆయనకు. ప్లగ్గును తుడవవచ్చు, గ్రీజు పూయవచ్చు, పనివాడికి నేర్పవచ్చు. చప్పుడును ఎవరూ తుడవలేరు. ట్యాంకరు మోటారుకూ ఆ ఇంజనుకూ పోలికే ఉండదు. వింటే ఆమెకే తెలుస్తుంది.

"ఒకసారి వినిపించండి" అని అడిగి, ఫోను గొంతు పెంచి, వదిన చేతిలో పెట్టాడు.

అవతల ఏదో కిరకిరలాడింది. తర్వాత ఇంజను లేచింది. దగ్గి, సర్దుకుని, బరువైన గొంతుతో ఒకే లయలో పలకసాగింది. వదిన కళ్లు మూసుకుంది.

"మీరు ఆ రోజు విన్నది ఇదా, కాదా?" అన్నాడు త్రాసు. అడిగి, కాదు అనే మాట కోసం ఆమె పెదవుల వైపు చూశాడు.

"ఇదే" అంది ఆమె.

"వదినా, మూడేళ్ల నాటి చప్పుడు ఎవరికి గుర్తుంటుంది?"

"నాకుంటుంది."

త్రాసుకు తెలుసు. మనసు దేన్ని నమ్మితే చెవి దాన్నే వింటుంది. తెల్లటి పింగాణీని ఆయన తన కళ్లతో చూశాడు. అయినా ఆ గొంతు గదినిండా పరుచుకుంటుంటే, ఆ షెడ్డు వెలుతురులో తాను చూసింది సరిగ్గా చూశానా అని ఆయనకు మొదటిసారి అనుమానం కలిగింది.

అవతల ఇంజను ఆగిపోయింది. వదిన కళ్లు తెరవలేదు. ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"ఆపేశాడేం?" అంది. "మళ్లీ ఒకసారి తిప్పమను మరిదీ."