బొమ్మకు షాక్ కొట్టదన్న మా సారు

మా తనిఖీ సారు పోయారు. పోయిన మంగళవారం ఆంటీ, అంటే ఆయన భార్య, ఫోన్ చేసేసరికి నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఆఫీసులో కూర్చుని ఒక ఇస్త్రీపెట్టె తాలూకు సర్టిఫికెట్టు చదువుతున్నాను. "పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతా చదువుతా అట్లనే తల వాల్చేసినాడమ్మా," అంది ఆంటీ. ఫోన్ పెట్టేశాక ఆ సర్టిఫికెట్టు చివరిదాకా చదివాను. సగంలో వదిలేస్తే ఆయనకు నచ్చేది కాదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. పాత పేటలో ఎలక్ట్రికల్ సామాన్లు టోకున అమ్మే ఒక కంపెనీలో, గోడౌనుకు వచ్చిన ప్రతి సరుకులోంచి ఒకటి విప్పి చూసి సంతకం పెట్టడం ఆయన పని. జేబులో టెస్టరు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. వైరు చివర చాకుతో గీరి వాసన చూసేవారు. "మంచి రబ్బరు, చెడ్డ రబ్బరు ముక్కుకే తెలుస్తాదమ్మా," అనేవారు. మధ్యాహ్నం అట్టపెట్టెల మీదే అన్నం తిని, అక్కడే పది నిమిషాలు కునుకు తీసేవారు. ఆయన హుషారుగా ఉండగా నేను చూసిన గుర్తు లేదు. ఎప్పుడూ అప్పుడే ఏదో మోసి దించినట్టుండేది మొహం.

నేను ఒంగోలు నుంచి వచ్చి అక్కడ కంప్యూటర్ పనిలో చేరాను. గల్లీకో సైబర్ కేఫ్ ఉన్న రోజులు. మా ఓనరు కొత్తగా వెబ్‌సైట్ పెట్టించాడు. చుట్టుపక్కల ఊళ్ల అంగడివాళ్లు అందులో బొమ్మ చూసి పెట్టెల లెక్కన ఆర్డరిస్తారు. సరుకు మా గోడౌనుకు రాకుండా, తయారీదారు దగ్గర్నుంచి నేరుగా అంగడికే పోతుంది. అంటే సారు చెయ్యి పడకుండానే పోతుంది. తయారీదారు పంపిన ఫోటో, కాగితాలు చూసి వివరాలు టైపు చేయడం నా పని.

"బొమ్మకు షాక్ కొట్టదమ్మా. వస్తువు కొడతాది. ఒక పీసన్నా తెప్పించమను," అనేవారు సారు. ఓనరు వినీ విననట్టు ఉండేవాడు.

ఒక చలికాలం నీళ్లు కాచే రాడ్లు కొత్తగా సైట్లో పెట్టాం. సారు పోరగా పోరగా నమూనాకు ఒక రాడ్డు వచ్చింది, కానీ అప్పటికే ఒక పెట్టె ఊరి చివర ఫ్యాక్టరీల పక్కనుండే హెబ్బగోడిలో ఒక అంగడికి వెళ్లిపోయింది. సారు ఆ రాడ్డు ప్లగ్గు విప్పి నన్ను పిలిచారు. మూడు పిన్నులూ ఉన్నాయి. మూడో పిన్నుకు, అంటే లీకైన కరెంటును నేలలోకి దించే ఎర్తుకు, తగలాల్సిన పచ్చ వైరును మాత్రం లోపల కత్తిరించి వదిలేశారు. డబ్బా మీద ఐఎస్‌ఐ ముద్ర ఉంది. దాని కింద ఉండాల్సిన లైసెన్సు నంబరు లేదు, అంటే ముద్ర దొంగది.

"సైట్లో ఏమని రాసినావమ్మా?"

"పరీక్షించిన సరుకు, పూర్తిగా సేఫ్ అని, సార్."

"నువ్వు చూసినావా?"

"వాళ్ల పేపర్లో అలాగే ఉంది సార్."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఓనరు దగ్గరికి వెళ్లాం. "తీసేయమను అన్నా, సైట్లోంచి. అయిపాయ కదా! పోయిన పెట్టె సంగతి ఆ అంగడోడు చూసుకుంటాడు," అన్నాడు ఓనరు.

"అంగడోనికి ఎట్ల తెలుస్తాదప్పా? బాగుండాదని రాసింది మనం," అన్నారు సారు. గోడౌనులోంచి మంచి రాడ్లు కొన్ని సంచిలో వేసుకున్నారు. "నువ్వూ రామ్మా," అన్నారు.

రెండు బస్సులు మారి హెబ్బగోడి చేరాం. అంగడాయన మంచివాడు. విషయం వినగానే మిగిలిన రాడ్లన్నీ తెచ్చి ముందు పెట్టాడు. అప్పటికే మూడు అమ్ముడుపోయాయట, మూడూ వెనక వఠారంలో వరస గదుల్లో అద్దెకుండే ఫ్యాక్టరీవాళ్లకే. రెండు గదుల్లో వెంటనే దొరికాయి. మూడో గదికి తాళం ఉంది. షిఫ్టు బస్సు వచ్చేదాకా గుమ్మం ముందు గంటన్నర కూర్చున్నాం. సారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం ఆ తాళాన్నే చూస్తూ, నా చేత్తో టైపు చేసిన మాటలు మనసులో చదువుకుంటూ కూర్చున్నాను.

వచ్చినామె కదిరి వైపు మనిషి, చంకలో పిల్ల. రాడ్డు ఇవ్వమంటే బెదిరిపోయింది.

"పిల్లకు జొరం సార్. రేపు నీళ్లెట్ల కాసేది?"

"వేరేది ఇస్తానమ్మా. దీంతో ఏమన్నా ఇబ్బంది అయినాదా?"

"రెండు దినాలుగా బకెట్టు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాది సార్. చలికేమో అనుకుంటి."

ఇనప బకెట్టు. సారు కొత్త రాడ్డు ఆమె చేతికివ్వబోయి, ఎందుకో ఆగి, గోడ దగ్గరికెళ్లి సాకెట్ విప్పి చూశారు. "ఈడ గోడకే ఎర్తు లేదు కదమ్మా," అన్నారు నాతో, నీరసంగా. మంచి రాడ్డుకైనా ఆ గదిలో సగమే రక్షణ. ప్లాస్టిక్ బకెట్టు వాడమనీ, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోమనీ చెప్పి, ఆమె చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నారు.

గదులకు ఎర్తు వేయించమని అడిగితే వఠారం ఓనరు "చూద్దాం లెండి" అన్నాడు. సారు తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లారు. ఆ పై ఆదివారం నేనూ తోడు వెళ్లాను. మూడోసారికి ఆయన మొహం చూడలేక కాబోలు, అతను ఒప్పుకున్నాడు. గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపు దించి, సాయంత్రానికి అన్ని గదులకూ ఎర్తు వైరు లాగించారు. "ఇట్లాంటి వఠారాలు ఎన్ని ఉండాయో," అన్నారు తిరుగు బస్సులో. ఆ ఒక్క పనికీ సంతోషపడే ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు.

మా ఓనరు ఆయన్ను ఏమీ అనలేదు. నమూనా లేకుండా సైట్లో సరుకు పెట్టనని మాటిచ్చాడు కూడా. కానీ ఆ మాట రెండు నెలలు కూడా నిలవలేదు. మరుసటి ఏడాది సారు మానేశారు. వెళ్లే రోజు నేనడిగాను, ఇన్నేళ్లు ఒకే పని ఎలా చేశారని. "అలిసిపోయినప్పుడే సరిగ్గా చూడాలమ్మా. హుషారుగా ఉంటే ఎవరైనా చూస్తారు," అన్నారు.

ఇప్పుడు నేనూ అదే పనిలో ఉన్నాను, ఇంకా పెద్ద వెబ్‌సైట్‌లో. రోజంతా కాగితాలు. "సెల్లర్ డిక్లరేషన్ ఇచ్చాడు కదా మేడమ్, అప్రూవ్ చేసేయండి," అంటారు కుర్రవాళ్లు. వస్తువు ఒకటి పంపమని రాస్తాను. కొందరు పంపుతారు. చాలామంది పంపరు. పంపనివాళ్ల సరుకు ఆపుతాను, పైవాళ్లు అడుగుతారు, జవాబు చెబుతాను. మర్నాడు మళ్లీ అంతే.

నిన్న సాయంత్రం ఆంటీని చూసి వచ్చాను. వద్దన్నా వినకుండా కాఫీ పెడతానని లేచింది. పాల కోసం ఫ్రిజ్ దగ్గరికెళ్లి, పిడి పట్టుకోబోయే ముందు వేళ్ల వెనక వైపుతో తలుపును ఒకసారి తాకింది, పిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టు. నేను చూస్తున్నానని గమనించింది.

"ఆయన చేసిన అలవాటు. కరెంటు ఉంటే, అరచెయ్యి పక్క తాకితే చెయ్యి పట్టేసుకుంటాదంట. ఎనక పక్క అయితే దానంతట అదే ఎనక్కొస్తాదంట. పెండ్లయిన కొత్తలో చెప్పినాడు."

తర్వాత తలుపు తీసింది. చీకటి పడుతున్న ఆ వంటింట్లో ఫ్రిజ్ వెలుగు ఆమె చేతుల మీద పడింది. ఎందుకు తీసిందో మరిచిపోయినట్టు కాసేపు ఆ వెలుగులోనే నిలబడింది.