వార్డంతా మెచ్చిన తమ్ముడు

1998. గుంటూరు ప్రాంతంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రిస్టుగా చేస్తున్నాను. ఆ ఏడు పచ్చపురుగు పత్తిని ఊడ్చిపెట్టింది. ఎంత మందు కొట్టినా పురుగు బలిసిందే గానీ చావలేదు. చివరికి ఆ డబ్బాల్లోది మనుషులు తాగటం మొదలుపెట్టారు. మెడికల్ వార్డులో మంచాలు చాలక కింద పరుపులు పరిచేవాళ్ళం. తేరుకున్న ప్రతి మనిషితోనూ మాట్లాడి, మళ్ళీ చావు ఆలోచన లేదని చూసుకుని ఇంటికి పంపటం నా పని. నేను సరేనంటేనే డిశ్చార్జి.

పురుగుమందు తాగినవాళ్ళకి ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ అట్రోపిన్. అది ప్రాణం నిలబెడుతుంది గానీ, ఎక్కువగా ఇవ్వాల్సి వచ్చినప్పుడు మనిషికి మతి చెదురుతుంది. దాన్ని డెలీరియం అంటాం. ఆ స్థితిలో మావాళ్ళు గాల్లో మిరపకాయలు కోసేవాళ్ళు. ఒకాయన దుప్పటిని ఎద్దనుకుని అదిలిస్తూ కూర్చునేవాడు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అక్కడ ఎవరేం మాట్లాడినా 'అట్రోపిన్ మాట' అని కొట్టిపారెయ్యటం డాక్టర్ల దగ్గర్నుంచి వార్డు తుడిచే మనుషుల దాకా అందరికీ అలవాటైపోయింది.

అలా వచ్చినవాడే శేషయ్య, పర్చూరు వైపు రైతు. చేలో పడిపోయి ఉంటే తమ్ముడు శివ ట్రాక్టరు మీద వేసుకొచ్చాడు. పత్తి పోయిందన్న దిగులుతో అన్న మందు తాగాడని పోలీసులకు చెప్పిందీ అతనే. శివ గురించి ఏం చెప్పమంటారు! చక్కని మాట, చల్లని ముఖం. అన్న కాళ్ళు పిసికేవాడు, ఒళ్ళు తుడిచేవాడు, పక్క మంచాలవాళ్ళకీ సెలైన్ సీసాలు పట్టుకుని నిలబడేవాడు. అన్నని పలకరించటానికి ఎవరొచ్చినా వెక్కివెక్కి ఏడ్చేవాడు. మా సిస్టర్ సుగుణయితే, "ఇట్టాంటి తమ్ముడుంటే చాలమ్మా, ఇంకే చుట్టాలూ అక్కర్లేదు" అని మురిసిపోయింది. నాకూ ముచ్చటేసింది.

శేషయ్య మాత్రం మతి చెదిరిన రోజుల్లో ఒకటే కలవరింత. "మజ్జిగలో ఏం పోశావురా శివా? ఎందుకు పోశావురా?" అంటుంటే వార్డంతా జాలిపడింది, శేషయ్య మీద కాదు, శివ మీద. ఇంత చేస్తుంటే పాపం నింద కూడా మోస్తున్నాడని. శివ కళ్ళు తుడుచుకుని, "మందు ప్రభావం గదండీ, మా అన్న తప్పేముంది" అనేవాడు.

అట్రోపిన్ ఆపాక శేషయ్య తేరుకున్నాడు. డిశ్చార్జికి ముందు నా గదికి పిలిపించాను. వెనకే శివ వచ్చి కూర్చున్నాడు. రోగితో ఒంటరిగా మాట్లాడటం నా పద్ధతి. అతన్ని బయటికి పంపి తలుపు వేశాను.

"శేషయ్యగారూ, మళ్ళీ తాగాలనిపిస్తోందా?"

"నేను తాగలేదమ్మా," అన్నాడు మెల్లగా.

రోజేదో, ఊరేదో, చుట్టూ ఎవరున్నారో అడిగాను. అన్నీ సరిగ్గా చెప్పాడు. డెలీరియం ఛాయలే లేవు. మరైతే ఆ మాట ఏమిటి?

"ఆ పొద్దున్నుంచీ నేనే మందు కొడుతున్నానమ్మా. మధ్యాహ్నం దాహమేసి మజ్జిగ తెమ్మన్నా. తమ్ముడు చెంబుతో తెచ్చిచ్చాడు. మందు కొట్టే రోజు ఒళ్ళూ బట్టలూ గాలీ అంతా అదే కంపు గదా, చెంబులో కంపు ఏం తెలుస్తది? గటగటా తాగేశా. చేదు తగిలి తలెత్తి చూస్తే, వాడు గట్టు మీద కూర్చుని నన్నే చూస్తన్నాడు."

రైతు ఇంట పుట్టినదాన్ని. మందు కొట్టే రోజు మా నాన్న అన్నంలో కూడా అదే వాసన వచ్చేది. శేషయ్య చెప్పింది అక్షరాలా జరగగలిగే పని.

"మరి పోలీసులకు చెప్పలేదేం?"

"ఎత్తుకుని పెంచానమ్మా వాణ్ణి. వాడికేదో పిచ్చి పట్టుంటది. మీరు పిచ్చి డాక్టరు గదా, వాడికి వైద్యం చెయ్యండి. నన్ను ఇంటికి పంపండి."

ఆ ఇంటికి, ఆ తమ్ముడి వెంట ఎలా పంపను? శేషయ్యని వార్డుకి పంపించి, శివని పిలిచాను. నేను దాచుకుని మాట్లాడే మనిషిని కాదు, సూటిగానే అన్నాను.

"మీ అన్న మందు తాగలేదంటున్నాడు. మజ్జిగలో నువ్వు పోశావంటున్నాడు."

కంగారు పడతాడనుకున్నాను. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "కేసు పెడతానన్నాడాండి?"

"లేదు."

"పెట్టడండి. మా అన్న నోట్లో వేలు పెడితే కొరకలేడు."

"నువ్వే పోశావా?"

"పోశాననుకోండి. మీరు చెప్పినా అట్రోపిన్ మాటంటారు. ఈ యేడు ఇంతమంది తాగారు, ఇంకొకడు తాగాడంటే ఎవరికండీ అనుమానం? ఇక బతకడనుకున్నాకే ట్రాక్టరెక్కించా."

"ఎందుకు చేశావయ్యా?"

"ప్రతిదానికీ అన్ననే అడగాలండి. ఏం పంట వెయ్యాలన్నా అన్నే, ఏ ఊరు పోవాలన్నా అన్నే. విసుగొచ్చింది." ఈగను తోలుకున్నంత తేలిగ్గా చెప్పాడు.

"మరి ఆ ఏడుపంతా?"

అప్పుడు నవ్వాడు. సిగ్గుతో కాదు, ఉత్సాహంతో. "మొదట్లో సరిగ్గా రాలేదండి. పక్క మంచం ముసలమ్మ కొడుకు కోసం ఎట్టా ఏడుస్తందో చూసి పట్టుకున్నా. బాగానే వచ్చింది గదా?"

కోపిష్టి హంతకుల్ని చూశాను, తాగిన మైకంలో నరికి, తెల్లారి తలబాదుకునేవాళ్ళని చూశాను. కన్నతల్లి శోకాన్ని చూసి ఏడుపు నేర్చుకున్నవాణ్ణి చూడటం అదే మొదలు. వెళ్తూ వెళ్తూ, "టిఫిన్ చేశారా మేడమ్?" అని ఎంత ఆప్యాయంగా అడిగాడనుకున్నారు!

ఒక్కసారి చూసి మనిషి మీద ముద్ర వెయ్యకూడదు. శేషయ్య మంచం దగ్గరికి వెళ్ళి శివ చిన్నతనం అడిగాను. కల్లంలో ఆరబోసిన మిరపకాయలకి నిప్పు పెట్టి, ఆ తప్పు పాలేరు మీదకి నెట్టాడట. ఆ పాలేరుని కొడుతుంటే పక్కనే కూర్చుని జామకాయ తిన్నాడట. తల్లి పోయిన రోజున కంట తడి లేదు. "గుండె నిబ్బరం అనుకున్నాం" అన్నాడు శేషయ్య.

మా శాస్త్రంలో దీనికి సైకోపతీ అని పేరుంది. నేరాలు చేసినవాళ్ళందరూ ఇలాంటివాళ్ళు కారు, ఇలాంటివాళ్ళందరూ నేరాలూ చెయ్యరు. కానీ ఎదుటి మనిషి బాధ తనకి తగలకపోతే, చేతిని పట్టి ఆపేది లోపల ఏదీ ఉండదు. ఆ మాటే శేషయ్యకి అర్థమయ్యేలా చెప్పాను.

"పిచ్చివాడికి లోకం వేరేగా కనపడుతుందండి. మీ తమ్ముడికి మనకి కనపడ్డట్టే కనపడుతుంది. ఏది తప్పో వాడికి తెలుసు. మీరు విలవిల్లాడుతుంటే వాడికి ఏమీ అనిపించదు, అంతే."

శేషయ్య నా వైపు తిరిగాడు. "దానికి మందు లేదామ్మా?"

ఆశ పెట్టుకున్న ఆ ముఖం చూస్తే, ఏదో ఒకటి రాసిస్తాలే అనబోయాను. అలా అంటే ఆయన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళిపోతాడు.

"లేదండి," అన్నాను.

"మీరు మాట్లాడి మార్చలేరా?"

"నా వల్ల కాదు. మారతాడని నేను మాటివ్వలేను."

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత లేచి కూర్చుని పంచె సర్దుకున్నాడు. "ఇంట్లో నా పిల్లలున్నారమ్మా. వాడు ఏది పెట్టినా బాబాయి పెట్టాడని తింటారు. పోలీసోళ్ళని పిలిపించండి. నేను చెబుతా."

చెప్పాడు. వార్డంతా చూస్తుండగానే శివని పట్టుకెళ్ళారు. సుగుణ కుర్చీలో కూలబడిపోయింది. కోర్టులో వాళ్ళ లాయరు మతి చెడిందని వాదించాడు. మతి చెడలేదని నేను సాక్ష్యం చెప్పాను. శిక్ష పడింది.

ఏడ్చేవాడల్లా మంచివాడనుకోకూడదనీ, మతి చెదిరినవాడి మాటైనా ఒకసారి ఆగి వినాలనీ ఆ కేసు నాకు నేర్పింది. ఆ ఏడు ఆ వార్డులో ఎంతోమందికి మందులు రాశాను. శేషయ్యనీ ఆయన పిల్లల్నీ కాపాడింది మాత్రం, మందు లేదని నేను చెప్పిన ఆ ఒక్క ముక్క.