చేతులు రెండూ నిండుగా

టీవీ స్టేషన్లో బట్టలు కుట్టే గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా హ్యాంగర్లు, మధ్యలో నేను. ఇరవై రెండేళ్లుగా ఇదే నా కాపురం. వార్తలు చదివేవాళ్లకి నడుము దాకానే శ్రద్ధగా కుడతాను, కింద ఏమున్నా ఎవరికీ పట్టదు.

టీవీలో పిల్లలు గువ్వక్క అని పిలిచే ఆమెను మొదట చూసింది ఈ గదిలోనే. పిల్లల కార్యక్రమానికి కొత్త యాంకరు కావాలని పరీక్ష పెడితే అరవై మంది వచ్చారట. పిల్లలు కదలకుండా కూర్చుని విన్నది ఈమె చెప్పిన కథ ఒక్కటే. అంతకుముందు తొమ్మిదేళ్లు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. పుట్టుకతోనే ఆమె కుడిచెయ్యి మోచేతి కింద బెత్తెడు దూరంలో ఆగిపోయింది. కొలతలు తీసుకుంటూ టేపు ఎక్కడిదాకా లాగాలో తెలియక నేను తడబడుతుంటే, ఆమే టేపు చివర పట్టుకుని సరిగ్గా పెట్టింది.

"ఇక్కడిదాకా చాలు పిన్నీ. మిగిలిన గుడ్డ నీకే. జేబురుమాలు కుట్టుకో."

నవ్వాలో వద్దో తెలియలేదు. "పాపం" అన్నాను, నోరు జారి.

"ఎవరు, గుడ్డా?" అంది.

అప్పుడు నవ్వాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని నా ఇస్త్రీ బల్ల మీదే తినేది. చిన్నప్పటి సంగతులు అప్పుడే చెప్పింది. ఏ ఫొటో తీయించుకున్నా వాళ్లమ్మ ఆమె కుడిపక్కన నిలబడి కొంగు కప్పేదట. మొదటి కార్యక్రమం వచ్చిన సాయంత్రం ఆ తల్లి ఫోన్ చేసి, "అందరూ చూస్తున్నారే" అందట. "చూడనీ అమ్మా, టీవీ ఉన్నది చూడటానికేగా" అని ఈమె జవాబు. ఇంతకుముందు ఎవరైనా తనకి ఉద్యోగం ఇవ్వకుండా తిప్పుకున్నారా అని నేనడిగితే, "నాకు మొండిచెయ్యి ఎవరు చూపిస్తారు పిన్నీ, అది నా దగ్గరే ఉంది కదా" అని నవ్వింది.

పని మాత్రం దొడ్డది. వారానికి నాలుగు రోజులు, లైవ్. స్టూడియోలో పదిహేను మంది పిల్లలు చాప మీద కూర్చునేవాళ్లు. కాగితాన్ని ఆ కుడిచేతి కింద అదిమిపెట్టి ఎడమచేత్తో కత్తెర ఆడించేది. రెండు నిమిషాల్లో పడవ, చేప, కిరీటం వచ్చేవి. ఎడమ అరచేత్తో ఆ మొండి మీద కొట్టి చప్పట్లు మోగించేది. మొదటి వారంలో పిల్లలు అడగాల్సినవన్నీ అడిగేశారు. నొప్పిగా ఉంటుందా, దానికి గోరు వస్తుందా, రాత్రి పెరుగుతుందా. అన్నిటికీ కెమెరా ముందే జవాబు చెప్పింది. రెండో వారానికి వాళ్లకి ఆ చెయ్యి పాతబడింది. పడవకి తెరచాప ఎందుకు పెట్టలేదన్నదే వాళ్ల గొడవ.

కందకు లేని దురద కత్తిపీటకు వచ్చింది. ఉత్తరాలు మొదలయ్యాయి. "మా అబ్బాయి అన్నం తినటం మానేశాడు." "మా పాప చొక్కాలో చెయ్యి ముడుచుకుని తిరుగుతోంది, అలాగే వంకర తిరిగిపోతే ఎవరు బాధ్యులు?" "కడుపుతో ఉన్నవాళ్లు కూడా టీవీ చూస్తారు, కాస్త ఆలోచించండి." మెచ్చుకునేవి కూడా వచ్చేవి. పాపం అన్న మాట లేని మెప్పు ఒక్కటీ లేదు. అంత మంచి భాషలో ఒక్క మాటకే జాలి, దోషం అని రెండర్థాలు ఎందుకు పెట్టారో నాకు ఆ ఉత్తరాలు చదివాకే తెలిసింది. గువ్వక్క మాత్రం పిల్లలు రాసినవి ఏరుకుని, మిగతావి నా గుడ్డపీలికల సంచిలో వేసేది.

ప్రోగ్రాం ఆఫీసరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఎవరినీ మీరు అనకుండా పిలవడు, వయసులో చిన్నవాళ్లని తప్ప. ఆ చేతిని చెయ్యి అని ఒక్కసారి కూడా అనలేదు. "ఆ విషయం" అనేవాడు. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఎనిమిది నెలలు నా గది చుట్టూ తిరిగి, ఒకరోజు చీటీ పంపాడు. "గువ్వక్కకు కొత్త గౌను. చేతులు రెండూ నిండుగా ఉండాలి."

చేతులంటే దర్జీకి గౌను చేతులే. పొట్టి చేతులు, పొడుగు చేతులు, నిండు చేతులు, జీవితమంతా అవే కుట్టాను. నిండు చేతులంటే మణికట్టు దాకా. చేతిని కప్పమంటున్నాడని అర్థమై ఒళ్లు మండింది. అయినా కుట్టాను. ఒక్కమాట అడగలేదు. పసుపుపచ్చ గుడ్డ మీద తెల్ల చుక్కలు, రెండు చేతులూ ఒకే పొడుగు, అంచున గుండీ. మంచి కుట్టే. ఆ సంగతి చెప్పుకోవటానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

లైవ్‌కి ఐదు నిమిషాలుందనగా ఆఫీసరు వచ్చి చూశాడు. కుడివైపు గౌను చెయ్యి మోచేతి కింద నుంచి ఖాళీగా వేలాడుతోంది.

"అదేంటమ్మా, నిండుగా అని రాశాను కదా. లోపల దూది కూరి, చివర గ్లవ్ కుట్టమని. ఉన్నట్టే కనపడాలి కదా."

"గౌను చేతులనుకున్నాను సార్."

"ఆమెవని అర్థం కాలేదా అమ్మా?"

"మనిషి చేతులు కుట్టటం నాకు రాదు సార్" అన్నాను.

గువ్వక్క నా ముఖమూ ఆయన ముఖమూ చూసింది. అప్పటిదాకా అది కొత్త గౌను అని మాత్రమే ఆమెకు తెలుసు. పాత గౌను ఉతుకులో ఉంది. ఆఫీసరు పిన్నీసు తీసుకుని ఆ ఖాళీ చివరను గౌను జేబులోకి కుక్కి తనే గుచ్చాడు. "చెయ్యి జేబులో పెట్టుకున్నట్టుంటుంది. ఈ ఒక్కరోజుకి సర్దుకోమ్మా." ఆ రోజే మొదటిసారి ఆయన నోట చెయ్యి అన్న మాట విన్నాను.

ఆ రోజు అంశం కాగితం గాలిపటం. కాగితాన్ని అదమటానికి ఆ చెయ్యి కావాలి కదా. అలవాటు కొద్దీ లాగింది. పిన్నీసు ఊడింది. జేబులోంచి జారిన గౌను చెయ్యి ఖాళీగా వేలాడి, ముందు కూర్చున్న పాప మీద పడింది. పాప దాన్ని పట్టుకుని లోపలికి చూసింది. పిండింది. ఏమీ లేదు.

"అక్క చెయ్యి పోయింది" అని ఏడుపు లంకించుకుంది. పదిహేను మందీ అందుకున్నారు. ఆ మొండి వాళ్లకి రోజూ చూసే చెయ్యి. చప్పట్లు కొట్టే చెయ్యి, గోరు రాని చెయ్యి. అదే పోయిందనుకున్నారు. గువ్వక్క గబగబా గుడ్డ పైకి మడిచి చూపించింది, "ఇదిగో, ఇక్కడే ఉంది, చూడండి" అని. వాళ్లలో సగం మంది వెంటనే ఊరుకున్నారు కూడా. కానీ అప్పటికే తెర మీద పూలతోట బొమ్మ వేసి సంగీతం పెట్టేశారు. ఇళ్లలో చూసేవాళ్లకి మిగిలింది ఏడుపు మాత్రమే.

మర్నాడు ఆఫీసరు గదిలో ముగ్గురం కూర్చున్నాం. బల్ల మీద ఫోన్లలో వచ్చిన ఫిర్యాదుల జాబితా ఉంది. పిల్లలు జడుసుకున్నారు అన్న మాట ప్రతి వరుసలోనూ ఉంది. ఎనిమిది నెలలుగా పెద్దవాళ్లు రాస్తున్న అబద్ధం ఒక్క సాయంత్రంలో నిజమై కూర్చుంది, నా కుట్టు పుణ్యాన.

"తప్పు నాది సార్. చీటీ నాకు అర్థం కాలేదు" అన్నాను.

"మీ తప్పేం లేదు లెండి" అన్నాడు. ఎప్పటిలాగే మర్యాదగా.

గువ్వక్క నెమ్మదిగా మాట్లాడింది. "ఇన్ని నెలల్లో పిల్లలు ఏడ్చింది ఒక్కరోజు సార్. మీరు నన్ను దాచిన రోజు. రేపు నా పాత గౌను వేసుకుని కూర్చుంటాను. ఏం జరిగిందో వాళ్లకి నేనే చెప్పుకుంటాను. ఒక్క పది నిమిషాలివ్వండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూపిస్తే పెద్దవాళ్లకి ఇబ్బంది, దాస్తే పిల్లలకి ఇబ్బంది. నన్నేం చెయ్యమంటావమ్మా?"

నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు. పెద్దవాళ్లని ఇబ్బంది పడనివ్వండి అనే జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. అన్నాను కూడా. కుట్టుగది మనిషి మాటగానే అది గాలిలో కలిసింది. ఆయన అప్పటికే నిర్ణయించుకుని వచ్చాడు. లైవ్ ఆపేశారు, ఇక అంతా రికార్డింగే. యాంకరు కుర్చీలో కొత్త అమ్మాయి. పక్కన బల్ల మీద ఒక గువ్వ బొమ్మ. బల్ల కింద కూర్చుని బొమ్మను ఆడిస్తూ గొంతు ఇవ్వాల్సింది గువ్వక్క.

ఆ బొమ్మ చీటీ కూడా నాకే వచ్చింది. తెల్ల గుడ్డ, గుండీ కళ్లు, రెక్కలు రెండూ సమానం. ఎడమచేతి బొటనవేలు ఒక రెక్కలో, చిటికెన వేలు మరో రెక్కలో దూరేట్టు కుట్టాను. "మానెయ్యవే, ఇంకెక్కడైనా చూసుకో" అన్నాను, బొమ్మ చేతికిస్తూ.

"వాళ్ల గొంతులైనా వినపడతాయి కదా పిన్నీ" అంది. ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీయలేదు.

మొదటి రికార్డింగు రోజు నేను కెమెరాల వెనక నిలబడ్డాను. కొత్తమ్మాయి రెండు చేతులూ ఊపుతూ వచ్చింది. చాప మీద నుంచి గువ్వక్క ఏది అని ఎవరో అడిగారు. దానికి ముందే రాసిపెట్టుకున్న జవాబుంది. బొమ్మ రెక్కలాడించి, "గువ్వక్క ఊరెళ్లింది. మీరు అల్లరి చేయకుండా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది" అంది. ఆ అబద్ధాన్ని ఆమె గొంతుతోనే చెప్పించారు.

చివర కూర్చున్న ఒక పాప లేచింది. ఐదేళ్లుంటాయేమో. నడిచి వెళ్లి బల్లకి వేలాడుతున్న గుడ్డ ఎత్తి, మోకాళ్ల మీద వంగి లోపలికి చూసింది.

"అక్కా, ఇక్కడెందుకు కూర్చున్నావు? మా అమ్మ నిన్ను చూడొద్దంది. అందుకా?"

బల్ల కింద నుంచి, బొమ్మ గొంతుతో కాదు, మామూలు గొంతుతో గువ్వక్క, "అవునమ్మా" అంది.

ఆఫీసరు ఆపమన్నాడు. ఆ ముక్క కత్తిరించి అతికారు. టీవీలో వచ్చినప్పుడు చూశాను. పాప బల్ల దగ్గర వంగటం కనపడుతుంది. తర్వాత పిల్లలందరూ చప్పట్లు కొడుతుంటారు.