గూట్లోకి వంగిన తల

మా అమ్మమ్మ కుట్టుమిషన్ సరిగ్గా కిటికీకి ఎదురుగా ఉంటుంది. వెలుతురు కోసం అలా పెట్టుకుందని కొత్తగా వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. అసలు సంగతి వేరు. ఆ కిటికీలోంచి రాళ్ళ క్వారీ మీద నిలువుగా లేచిన బండ కనిపిస్తుంది. బండ నడుమ అరుగులాంటి చోట పెద్ద డేగల జంట ఒకటి ఏటా పుల్లలు పేర్చి గూడు కట్టుకుంటుంది. అమ్మమ్మ పాదం మిషన్ మీద ఉంటే, కన్ను ఆ గూటి మీద ఉంటుంది. మా వీధిలో కొందరి జేబులు కాస్త వంకరగా ఉన్నాయంటే ఆ పాపం డేగలదే.

ఆవిడకు పక్షుల గురించి ఎవరూ నేర్పలేదు. బట్ట కత్తిరించే మనిషి కాబట్టి ముందు కోత చూస్తుంది. పైన ఎగిరేదాన్నల్లా గద్ద అనేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట.

"ముందు తోక చూడవే," అనేది నాతో. "చివర లోపలికి కోసినట్టుంటే నల్లగద్ద. కత్తెర పెట్టి తిన్నగా కోసినట్టుంటే మన డేగ. తర్వాత రెక్కలు చూడు. రంగు జోలికి ఆఖర్న పో. ఎండని బట్టి రంగు మారిపోద్ది, కోత మారదు."

తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నా బుర్రకు ఎక్కిన పాఠం ఇదొక్కటే.

గూటిని చూడడానికి ఆవిడకు ఒక దుర్భిణి ఉంది. పోయిన మా తాతయ్య పాత సామాన్ల కొట్లో కొన్నది. దాని స్టాండుకు ఒక కాలు విరిగితే, చిరిగిన కొలతల టేపుతో కట్టుకట్టింది. ఆ టేపుతో ఎవరికైనా నిక్కరు కొలతలు తీస్తుందేమోనని నాకు భయంగా ఉండేది.

క్వారీలో మేస్త్రీ మా మామయ్య, అంటే అమ్మమ్మ కొడుకు. డేగ పొదుగుతున్నన్నాళ్ళూ, పిల్ల పుడితే అది ఎగిరిపోయేదాకా, బండ వైపు రాయి పేల్చకూడదని పనివాళ్ళతో ఒప్పందం. అన్నాళ్ళూ అందరూ కింది గుంటలో పని చేస్తారు. అక్కడి రాయి పొరలు పొరలుగా విరిగి సగం పొడైపోతుంది. చేతికొచ్చే కూలి బాగా తగ్గిపోతుంది. ఈ ఒప్పందానికి కాగితం లేదు. కిటికీలోంచి చూసి అమ్మమ్మ ఏం చెబితే అదే. గూడు ఖాళీగా ఉన్న ఏడు ఆవిడే పొద్దున్నే వెళ్ళి ఖాళీ అని చెప్పి వచ్చింది. అప్పట్నుంచి వాళ్ళు ఆవిడ మాట నమ్మారు, కిటికీ అత్త అని పేరు పెట్టుకున్నారు.

నేను చెప్పబోయే ఏడు ఆడడేగ ఎప్పట్లాగే గూట్లో కూర్చుంది. పిల్ల బయటికి రావలసిన రోజుల్లో ఒక ఉదయం అమ్మమ్మ మిషన్ ఆపేసింది. దుర్భిణిలో డేగ తల మెల్లగా గూట్లోకి వంగడం, లేవడం, మళ్ళీ వంగడం కనిపించింది.

"పిల్ల పుట్టింది. తినిపిస్తోంది," అంది. ముఖం ఎంత వెలిగిందంటే ఆ వేళ నేను చెడగొట్టిన బొత్తాం కాజాలకు తిట్టనే లేదు. మామయ్యతో కబురు పంపింది. పనివాళ్ళు నిట్టూర్చి మళ్ళీ కింది గుంటలోకే దిగారు.

తర్వాత కొన్నాళ్ళకు అమ్మమ్మ మాటలు తగ్గిపోయాయి. మగడేగ ఉడుముపిల్లను తెచ్చి అరుగు మీద పెట్టేది. ఆడది లేచి వచ్చి మొత్తం తనే తిని, మళ్ళీ వెళ్ళి కూర్చునేది. ముక్కలు చీల్చి గూట్లోకి అందించడం లేదు. పిల్ల ఉంటే గూటి అంచు కింద బండ మీద తెల్లటి రెట్ట చారలు పడాలి. అవీ లేవు.

"పిల్ల ఉపవాసం ఉందేమో అమ్మమ్మా," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆ సాయంత్రం గడ్డం బాబాయి వచ్చాడు. క్వారీలో తొలిచిన రంధ్రాల్లో పేలుడు మందు దట్టించేది ఆయనే. చంకలో కుట్టు విడిపోయిన చొక్కా ఒకటి కుట్టించుకోడానికి తెచ్చాడు.

"నీ డేగ మనవరాలు ఎప్పుడెగురుద్ది కిటికీ అత్తా? ఇంట్లో గడవక నా పెళ్ళాం పిల్లల్ని పుట్టింటికి పంపేశా. గూట్లో ఉండేదాని కోసం మా గూడు ఖాళీ అయింది," అని నవ్వాడు.

అమ్మమ్మ చొక్కా తీసుకుని తల దించుకుంది.

రాత్రి భోజనాల దగ్గర మామయ్యతో చెప్పింది. "నేను పొరపాటుపడ్డాన్రా. అది గుడ్డును తిప్పుకుంటుంటే తినిపిస్తోందనుకున్నా. గుడ్డు చెడిపోయింది. అది తెలీక ఇంకా పొదుగుతోంది."

మామయ్య కాసేపు కంచంలో చెయ్యి ఆడించాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? అదే విసిగి లేచిపోద్ది. అప్పుడు పిల్ల చచ్చిపోయిందని చెబుదాం. నీ మాట పోదు."

"చచ్చిపోవడానికి అసలు పుడితే కదరా."

"నిజం చెబితే వచ్చే ఏడు నీ మాట ఎవడూ వినడు. గుడ్లున్నా పేల్చేస్తారు."

"పేల్చేస్తారేమో," అంది అమ్మమ్మ. ఆ తర్వాత ముద్ద మింగలేదు.

మర్నాడు నన్ను తోడు తీసుకుని క్వారీకి వెళ్ళింది. పనిముట్ల షెడ్డు దగ్గర అందరూ ఉన్నారు. మామయ్య మాట్లాడబోతే చేత్తో ఆపి తనే చెప్పింది. దుర్భిణి పాతదైపోయిందని గానీ, కళ్ళు ఆనడం లేదని గానీ అనలేదు. "తప్పు చూశాను. తప్పు చెప్పాను. గూట్లో పిల్ల లేదు. మీ పని మొదలుపెట్టుకోండి," అంది.

ఎవరో ఖాండ్రించి ఉమ్మారు. గడ్డం బాబాయి నవ్వలేదు.

"లేని పిల్ల కోసం మా పిల్లల్ని పస్తుంచావా అత్తా?" అన్నాడు మెల్లగా.

ఆవిడ కదల్లేదు. వాళ్ళంతా పారలూ సమ్మెటలూ తీసుకుని బండ వైపు వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడింది.

ఆ మధ్యాహ్నం క్వారీ సైరన్ మోగింది, ఆ వెనకే రాయి పేలింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఆడడేగ లేచి దుమ్ము పైన తిరిగింది. దుమ్ము పూర్తిగా అణగకముందే వచ్చి గుడ్డు మీద కూర్చుంది. మర్నాడూ అంతే. తర్వాత దూరంగా ఒక రాతి మీద వాలి చూస్తూ ఉండేది. తర్వాత అక్కడా కనిపించలేదు. ఆ రోజుల్లో కుట్టు పనంతా నేనే చేశాను. జేబులు ఎప్పుడూ లేనంత తిన్నగా వచ్చాయి. ఎవరూ మెచ్చుకోలేదు.

మరుసటి ఏడు జంట మళ్ళీ వచ్చింది. పాత గూటి మీదే కొత్త పుల్లలు పేర్చుకుంది. ఆడది కూర్చుంది. అమ్మమ్మ క్వారీకి కబురు పంపలేదు. మామయ్యా అడగలేదు. సైరన్ ఏ పొద్దున మోగుతుందోనని ఆవిడ మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయేది.

ఒక రోజు గడ్డం బాబాయి మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆ ఏడాదంతా ఆయన బట్టలు వేరే చోట కుట్టించుకున్నాడు.

"వచ్చిందంట కదా?"

"వచ్చింది."

"గుడ్డు పెట్టిందా?"

"కూర్చునుంది. గుడ్డు నాకు కనపడదు."

"పోయినేడు పిల్లే కనపడిందిగా," అన్నాడు.

ఆయన వంగి దుర్భిణికి కన్ను ఆనించాడు. చాలాసేపు చూశాడు.

"నాకు పుల్లలు తప్ప ఏం కనపట్లేదు."

"పుల్లల పైన చూడు. తల ఉంటది."

మళ్ళీ చూశాడు. "ఆఁ, ఉంది," అన్నాడు. నిటారుగా లేచి నడుం పట్టుకున్నాడు. "ఈసారి పిల్ల నోరు తెరిస్తే నన్ను పిలువు. నేనూ చూడాలి. నువ్వొక్కదానివే చూసి చెబితే కుదరదు. అందాకా అటు నేను మందు దట్టించను. మావాళ్ళకి నేను చెప్పుకుంటాలే."

ఆయన దిగిపోయాక అమ్మమ్మ ప్యాంటును బల్ల మీద పరిచి, సుద్దముక్కతో మోకాలి చుట్టూ గీత గీసింది.

"దీనికి రెండు పొరల అతుకు వెయ్యాలే," అంది. గట్టి గుడ్డ ముక్కలు రెండు వెతికి తీసింది.